రంజాన్‌కు రెండు నెలల ముందు నుంచే సన్నాహం ఎందుకు?

సంక్షిప్తంగా: రంజాన్ ఉపవాసాలు నెలవంక కనిపించాకే మొదలవుతాయి. వాటికి మనసును, అలవాట్లను సిద్ధం చేసుకునే పని మాత్రం అంతకు ముందు వచ్చే రజబ్, షాబాన్ నెలల్లోనే జరగాలని ఇస్లామీయ సంప్రదాయం చెబుతుంది. పాత ఉపవాసాల బాకీ తీర్చడం, షాబాన్‌లో కొన్ని ఐచ్ఛిక రోజాలు (ఉపవాసాలు) ఉండటం, తెగిన మాటలు కలుపుకోవడం, నోటిని అదుపులో పెట్టుకోవడం ఇందులో ప్రధానం. వీటిలో దేనికి గట్టి ఆధారం ఉంది, ఏది ఆనవాయితీగా వచ్చింది, సన్నాహం లేకపోతే నెల ఎలా గడుస్తుంది అన్నవి ఈ వ్యాసంలో చూద్దాం.

ఏటా షాబాన్ నెల సగానికి వచ్చేసరికి హైదరాబాద్ పాతబస్తీలో రెండు రకాల హడావిడి ఒకేసారి మొదలవుతుంది. పత్తర్‌గట్టీ, మదీనా బిల్డింగ్ వైపు దుకాణాల్లో కొత్త సరుకు దిగుతుంది. హోటళ్ల ముందు హలీం బట్టీలు కడతారు. ఖర్జూరం పెట్టెలు తోపుడు బండ్ల మీదికి చేరతాయి. అవే రోజుల్లో మసీదుల్లో జుమా ప్రసంగాల తీరు కూడా మారుతుంది. పాత ఉపవాసాలు బాకీ ఉంటే ఇప్పుడే తీర్చుకోండి, ఎవరితోనైనా మాటలు లేకపోతే వెళ్లి కలవండి, రోజుకు కాస్త ఖుర్ఆన్ చదవడం మొదలుపెట్టండి అని ఇమాములు గుర్తు చేస్తుంటారు.

మొదటి సన్నాహం అందరి కళ్లకూ కనిపిస్తుంది. రెండోది కనిపించదు. ఉపవాసానికి ముందు ఇంత తయారీ అవసరమా అన్న సందేహం ముస్లిమేతరులతో పాటు ముస్లిం యువతకూ వస్తుంటుంది. ఫోన్లలో తిరిగే సందేశాలు ఆ గందరగోళాన్ని మరింత పెంచుతున్నాయి.

ఆకలిని మించిన పరీక్ష

హిజ్రీ, అంటే ఇస్లామీయ చాంద్రమాన, కేలండర్‌లో రంజాన్ 9వ నెల. హిజ్రీ 2వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 624లో, ఈ నెల ఉపవాసాలు విధి అయ్యాయి. వాటిని విధించిన వాక్యం ఖుర్ఆన్ 2వ సూరా (అధ్యాయం)లోని 183వ ఆయత్ (వాక్యం). మీకు పూర్వం ఉన్నవారికి విధించినట్టే మీకూ ఉపవాసం విధించడమైనది అని చెప్పి, ఆ వాక్యం ఉద్దేశాన్ని కూడా అక్కడే చెబుతుంది: మీలో తఖ్వా కలగాలని.

తెలుగులో తఖ్వాను భయభక్తులు అనో, దైవభీతి అనో రాస్తుంటారు. ఆ మాటల్లో భయం పాలు కాస్త ఎక్కువగా వినిపిస్తుంది. పాత వ్యాఖ్యానాల్లో దీనికి ఇంకా చక్కటి వివరణ ఉంది. తఖ్వా అంటే ఏమిటని ఖలీఫా ఉమర్ అడిగితే, ప్రవక్త సహచరుడు ఉబై బిన్ కఅబ్ "ముళ్ల దారిలో ఎప్పుడైనా నడిచారా, అప్పుడేం చేశారు?" అని తిరిగి అడిగారట. బట్టలు పైకి ఎగ్గట్టుకుని చూసి చూసి అడుగు వేశానని ఉమర్ చెప్పగా, తఖ్వా అంటే అదేనన్నారట. పొలం గట్ల మీద తుమ్మ ముళ్ల మధ్య నడిచినవారికి ఈ పోలిక వెంటనే అర్థమవుతుంది.

అలా చూస్తే ఉపవాసం అసలు పరీక్ష ఎక్కడుందో తెలుస్తుంది. అబద్ధమాడటం, దాని ప్రకారం నడుచుకోవడం మాననివాడు అన్నపానీయాలు మానుకోవాల్సిన అవసరం అల్లాహ్‌కు లేదని ప్రవక్త ముహమ్మద్ (స) చెప్పిన హదీసు (ప్రవక్త మాటల, చేతల ఉల్లేఖనం) బుఖారీ సంకలనంలో ఉంది. 11వ శతాబ్దపు పండితుడు ఇమామ్ గజాలీ ఉపవాసాన్ని మూడు స్థాయిలుగా విడదీశారు. తిండి, నీళ్లు, దాంపత్య సుఖం మానడం సామాన్యుల ఉపవాసం. కళ్లు, చెవులు, నాలుక, చేతులు, కాళ్లు కూడా తప్పుకు దూరంగా ఉంటే రెండో స్థాయి. దైవం తప్ప మరో ధ్యాస లేకుండా మనసే ఉపవాసం ఉండటం మూడోది. రెండో స్థాయికి ఆయన పెట్టిన షరతుల్లో ఇఫ్తార్‌లో అతిగా తినకపోవడం కూడా ఒకటి. పగలంతా మానినదంతా రాత్రికి రెట్టింపు తింటే ఆకలి వల్ల కలగాల్సిన మేలు ఏం మిగులుతుందన్నది ఆయన ప్రశ్న.

కడుపును కాపలా కాయడానికి గడియారం ఉంది. తెల్లవారుజాము అజాన్‌తో తలుపు మూసుకుంటుంది, సూర్యాస్తమయంతో తెరుచుకుంటుంది. చుట్టూ ఇంటిల్లిపాదీ అదే చేస్తుంటే తొలిసారి ఉండే పిల్లలు సైతం తట్టుకుంటారు. నాలుకకు అలాంటి వేళలు లేవు. మధ్యాహ్నం మూడింటికి ఎండలో సిగ్నల్ దగ్గర ఎవరో వెనక నుంచి హారన్ మోగిస్తే నోట్లోంచి మాట రావడానికి అర క్షణం చాలు. చాడీలు, వెక్కిరింతలు, కోపం ఏళ్ల తరబడి ముదిరిన అలవాట్లు. నెలవంక కనపడినంత మాత్రాన అవి ఆగిపోవు. ముందస్తు సన్నాహం అన్న ఆలోచనకు మూలం ఈ తేడాలోనే ఉంది.

దీనికి హదీసుల్లోనే ఒక ఉపాయం కనిపిస్తుంది. ఎవరైనా తిట్టినా, కొట్లాటకు వచ్చినా "నేను ఉపవాసంతో ఉన్నాను" అని చెప్పాలన్నది ప్రవక్త సూచన. కోపం వచ్చాక ఏం అనాలో వెతుక్కోవడం కుదరని పని, కాబట్టి అనాల్సిన మాట ముందే సిద్ధంగా ఉంటుంది. ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను అని ముందుగా కట్టుకున్న నిర్ణయం, మామూలు మంచి ఉద్దేశం కంటే బాగా అమలవుతుందని నేటి మనస్తత్వ శాస్త్రం కూడా చెబుతోంది. అయితే ఆ మాట నోటికి అలవాటు కావాలి. షాబాన్‌లో ఉండే ఒకటి రెండు రోజాలు ఆ సాధనకు పనికొస్తాయి.

విత్తనం, నీరు, కోత

రజబ్ విత్తనం చల్లే నెల, షాబాన్ నీరు పెట్టే నెల, రంజాన్ పంట కోసే నెల అని పాత పండితుల మాట ఒకటి ఉంది. 14వ శతాబ్దానికి చెందిన ఇబ్న్ రజబ్ హంబలీ దీన్ని నమోదు చేశారు. ఇది హదీసు కాదు, అనుభవంతో చెప్పిన మాట. కోత రోజున నాటు వేసేవాడు ఉండడు కదా.

షాబాన్ విషయానికి వస్తే గట్టి హదీసులే ఉన్నాయి. రంజాన్ తర్వాత ప్రవక్త అన్నిటికంటే ఎక్కువ ఉపవాసాలు ఉన్నది షాబాన్‌లోనేనని ఆయన సతీమణి ఆయిషా చెప్పారు. ఎందుకలా అని ఉసామా బిన్ జైద్ అడిగితే, రజబ్‌కూ రంజాన్‌కూ మధ్య జనం పట్టించుకోని నెల ఇదని, దాసుల కర్మలు ప్రభువు ముందుకు వెళ్లే ఈ నెలలో తన కర్మలు ఉపవాస స్థితిలో వెళ్లాలని కోరుకుంటానని ప్రవక్త జవాబిచ్చినట్టు నసాయి సంకలనంలో ఉంది. ఇబ్న్ రజబ్ దీన్ని నమాజుతో పోల్చారు. ఫర్జ్ (విధిగా చేయాల్సిన) నమాజుకు ముందు సున్నత్ (ప్రవక్త ఆచరణగా వచ్చిన అదనపు) నమాజు ఉన్నట్టే, ఫర్జ్ ఉపవాసాలకు ముందు షాబాన్ ఉపవాసాలు ఉన్నాయన్నారు. బజారు నుంచి నేరుగా వచ్చినవాడి ధ్యాస కుదురుకోవడానికి సున్నత్ రకాతులు (నమాజు ఆవృత్తులు) కొంత వ్యవధి ఇస్తాయి. నెల స్థాయిలో షాబాన్ చేసే పని అదే.

ఇందులో బాకీ తీర్చే పని కూడా ఉంది. ప్రయాణం, జబ్బు, స్త్రీల నెలసరి, పురుడు వంటి కారణాలతో పోయిన రోజాలను తర్వాత ఎప్పుడైనా ఖజాగా, అంటే బాకీ తీర్చేలా, ఉండాలి. ఆయిషా తన బాకీ ఉపవాసాలను షాబాన్‌లో తీర్చుకునేవారని హదీసుల్లో ఉంది. స్త్రీలకు దాదాపు ఏటా కొన్ని రోజాలు మిగులుతాయి. ఇంటి చాకిరీ, పిల్లల పరీక్షల మధ్య అవి వాయిదా పడుతూ షాబాన్ చివరికి చేరతాయి. కొత్త నెల వచ్చేసరికి పాత లెక్క మిగిలి ఉందన్న దిగులు ఎంతోమంది గృహిణులకు తెలుసు. ఆ నెలలో ఇంట్లో మిగతావాళ్లు వంట పని కాస్త పంచుకుంటే ఆ బాకీ తీరడం చాలా తేలిక.

షాబాన్ ఉపవాసాలకు ఒక హద్దు కూడా ఉంది. రంజాన్‌కు ఒకటి రెండు రోజుల ముందు కొత్తగా ఉపవాసం మొదలుపెట్టవద్దని ప్రవక్త వారించారు. ప్రతి సోమవారం, గురువారం ఉండే అలవాటు ఉన్నవారికి మినహాయింపు ఉంది. నెలవంక కనిపించిందో లేదో తేలని రోజును సందేహ దినం అంటారు. ఆ రోజు రంజాన్ అవుతుందేమో, ఎందుకైనా మంచిదని ఉపవాసం ఉండటాన్ని ఎక్కువ మంది పండితులు ఒప్పుకోరు. ఐచ్ఛికం ఎక్కడ ఆగిందో, విధి ఎక్కడ మొదలైందో తెలిసేలా మధ్యలో గీత ఉండాలన్నది ఇక్కడి తర్కం. షాబాన్ సగం దాటాక ఉపవాసం వద్దన్న మరో హదీసు ఉంది కానీ దాని ప్రామాణికత మీద పండితుల్లో భేదాభిప్రాయం ఉంది. షాఫయీ మజ్‌హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) వారు దాన్ని పాటిస్తారు, మిగిలినవారిలో ఎక్కువ మంది అంత పట్టింపుగా చూడరు.

టీ, నిద్ర, ఎండ

మనసు సంగతి మాట్లాడేటప్పుడు శరీరాన్ని వదిలేయడం కుదరదు. రంజాన్ తొలి మూడు నాలుగు రోజుల్లో చాలామందిని బాధించేది ఆకలి కంటే తలనొప్పి. రోజుకు నాలుగైదు ఇరానీ చాయ్‌లు తాగే ఊళ్లో దీనికి కారణం వెతకనక్కర్లేదు. ఒంటికి అలవాటైన కెఫీన్ ఆగిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు, నీరసం మొదలవుతాయి. కొందరికి వారం దాకా ఉంటాయి. సిగరెట్, జర్దా, ఖైనీ అలవాటు ఉన్నవారికి ఈ చిరాకు ఇంకా ఎక్కువ. అంటే తొలి వారంలో ఇంట్లోవాళ్ల మీద పడే విసుగులో కొంత భాగం ఉపవాసం వల్ల వచ్చేది కాదు, హఠాత్తుగా తెగిన అలవాటు వల్ల వచ్చేది. రెండు వారాల ముందు నుంచి రోజుకో కప్పు తగ్గిస్తూ వస్తే చాలావరకు తప్పుతుంది.

నిద్ర కూడా అంతే. ఇషా (రాత్రి నమాజు) తర్వాత రంజాన్‌లో చేసే తరావీహ్ నమాజు, తెల్లవారుజామున సహరీ (ఉపవాసానికి ముందు భోజనం) కలిస్తే రాత్రి నిద్ర రెండు ముక్కలవుతుంది. అర్ధరాత్రి దాకా ఫోన్ చూసే అలవాటు అలాగే ఉంచుకుని సహరీకి లేస్తే మర్నాడు మిగిలేది అలసట ఒక్కటే.

హిజ్రీ సంవత్సరం సౌర సంవత్సరం కంటే 10, 11 రోజులు తక్కువ కాబట్టి రంజాన్ దాదాపు 33 ఏళ్లలో అన్ని రుతువులనూ చుట్టి వస్తుంది. 2017లో మన దేశంలో మే 28న, రోహిణి కార్తె మండుటెండల్లో మొదలైంది. 2025లో మార్చి 2న వచ్చింది. 2030లోనైతే జనవరిలో ఒకసారి, డిసెంబర్ చివర్లో మరోసారి, ఒకే ఏడాదిలో రెండుసార్లు రంజాన్ ప్రారంభమవుతుంది. హైదరాబాద్‌లో చలికాలపు రోజా సుమారు పన్నెండున్నర గంటలు, జూన్‌లో అయితే పద్నాలుగున్నర గంటల దాకా ఉంటుంది. అదే జూన్‌లో లండన్‌లో ఉండే తెలుగు ముస్లిం 18 గంటలకు పైగా ఉపవాసం ఉండాలి. కాబట్టి సన్నాహం ఏటా ఒకేలా ఉండదు. చలికాలంలో నిద్ర, ఎండాకాలంలో నీళ్లు, ఎండ ప్రధానం అవుతాయి.

షుగర్ ఉన్నవారి విషయం వేరు. రంజాన్‌కు 6 నుంచి 8 వారాల ముందే డాక్టర్‌ను కలిసి మందుల వేళలు, మోతాదులు మార్చుకోవాలని అంతర్జాతీయ మధుమేహ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రక్తంలో చక్కెర 70 mg/dl కంటే పడిపోయినా, 300 దాటినా రోజా విరమించాలి. వేలికి సూది గుచ్చి పరీక్ష చేసుకుంటే రోజా పోదని పండితులు చెబుతున్నా, పోతుందేమోనన్న భయంతో మానేసేవారు ఉన్నారు. ఖుర్ఆన్ 2వ సూరా 184వ ఆయత్ రోగులకు, ప్రయాణికులకు స్పష్టంగా వెసులుబాటు ఇచ్చింది. ఇక కోలుకునే ఆశ లేని రోగులు, బాగా వృద్ధులు ఒక్కో రోజాకు బదులు ఒక పేదకు అన్నం పెడితే సరిపోతుంది. దాన్ని ఫిద్యా అంటారు. ఉపవాసం ఉండలేకపోతున్నానన్న అపరాధ భావంతో పెద్దవాళ్లు ఒళ్లు గుల్ల చేసుకోకుండా చూడటం కూడా ఇంట్లోవాళ్లు ముందుగా చేసుకోవాల్సిన సన్నాహమే.

సంకల్పానికీ లెక్క ఉంది

కర్మలన్నీ సంకల్పాల మీదే ఆధారపడతాయన్న హదీసు ఇస్లామీయ ధర్మశాస్త్రానికి పునాది వంటిది. ఉపవాసానికి నియ్యత్, అంటే సంకల్పం తప్పనిసరి. అది లేకుండా పస్తు ఉన్నవాడు పస్తు ఉన్నట్టే, ఉపవాసం ఉన్నట్టు కాదు. దాన్ని ఎప్పుడు చేసుకోవాలన్న దాంట్లో మాత్రం మజ్‌హబ్‌ల మధ్య తేడా ఉంది. షాఫయీల ప్రకారం ప్రతి రోజాకూ ముందు రాత్రే సంకల్పం ఉండాలి. హనఫీలు రంజాన్ రోజా విషయంలో మధ్యాహ్నానికి ముందు వరకు అవకాశం ఇస్తారు. మాలికీలకు నెల మొదట్లో చేసుకున్న ఒక్క సంకల్పం నెలంతటికీ చాలు.

తెలుగు నేల మీద ముస్లింలలో ఎక్కువ మంది హనఫీలు. హైదరాబాద్‌లోని బార్కస్‌లో స్థిరపడిన యెమెన్ హద్రమౌత్ మూలాల వారు షాఫయీ పద్ధతి పాటిస్తారు. ఒకే నగరంలో ఈ రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి. తేడా చిన్నదే అయినా అందరూ ఒప్పుకునే విషయం ఒకటుంది: నియ్యత్ చోటు మనసు. సహరీకి లేవడమే సంకల్పానికి గుర్తని చాలామంది పండితులు అంటారు.

మనుషుల బాకీ

రంజాన్ సన్నాహంలో అన్నిటికంటే కష్టమైనది, బహుశా అందుకే ఎక్కువగా వాయిదా పడేది, మనుషులతో రాజీ. ఇస్లాం హక్కులను రెండుగా చూస్తుంది. దేవుడి పట్ల చేసిన తప్పుకు తౌబా చాలు: తప్పు ఆపాలి, పశ్చాత్తాపపడాలి, మళ్లీ చేయనని నిశ్చయించుకోవాలి. సాటి మనిషి పట్ల చేసిన తప్పుకు నాలుగో షరతు ఉంది. తీసుకున్నది తిరిగి ఇవ్వాలి, లేదా ఆ మనిషి దగ్గరే క్షమాపణ పొందాలి. సోమ, గురువారాల్లో అల్లాహ్‌కు ఎవరినీ సాటి కల్పించని అందరికీ క్షమాపణ దొరుకుతుందని, పరస్పరం పగబట్టిన ఇద్దరిని మాత్రం వాళ్లు రాజీపడేదాకా ఆపి ఉంచండని ఆదేశం ఉంటుందని ముస్లిం హదీసు సంకలనంలో ఉంది. అన్నదమ్ముల ఆస్తి తగాదా, తిరిగి ఇవ్వని చేబదులు, పెళ్లి భోజనాల దగ్గర తెగిన మాట ఏ ఊరికీ కొత్త కాదు. వాటిని 30 రోజాలు చెరిపేయవు.

ఇతర సంప్రదాయాలతో పోల్చితే ఇక్కడ ఆసక్తికరమైన తేడా కనిపిస్తుంది. అయ్యప్ప మాల వేసుకున్నవారి 41 రోజుల దీక్ష శబరిమల యాత్రకు సన్నాహం. క్రైస్తవుల 40 రోజుల లెంట్ ఈస్టర్‌కు సన్నాహం. అక్కడ నియమాల కాలమే తయారీ కాలం, గమ్యం దాని చివర ఉంటుంది. రంజాన్‌లో నియమాల కాలమే గమ్యం. ఈద్ దానికి ముగింపు మాత్రమే. అందుకని తయారీ విడిగా, ముందుగా జరగాల్సి వస్తుంది. దీనికి దగ్గరి పోలిక యూదుల ఎలూల్ నెలలో దొరుకుతుంది. యోమ్ కిప్పూర్ ఉపవాసానికి ముందు వచ్చే ఆ నెల నుంచే వారు ఆత్మపరిశీలన మొదలుపెడతారు, బాధపెట్టినవారిని కలిసి క్షమాపణ అడుగుతారు. "మీకు పూర్వం ఉన్నవారికి విధించినట్టే" అన్న ఖుర్ఆన్ మాటను దృష్టిలో పెట్టుకుంటే ఈ పోలిక ఆశ్చర్యం కలిగించదు.

ఆధారం ఉన్నవి, లేనివి

రంజాన్ వస్తోందన్న వార్తను మొదట చెప్పినవారికి నరకం నిషిద్ధం అవుతుందన్న సందేశం ఏటా వాట్సాప్‌లో తిరుగుతుంది. దీనికి ఏ హదీసు సంకలనంలోనూ ఆధారం లేదని పండితులు పదేపదే చెబుతున్నారు. బటన్ నొక్కితే వచ్చే పుణ్యం సన్నాహం స్థానాన్ని ఆక్రమించడం దీనివల్ల జరిగే అసలు నష్టం.

"ఓ అల్లాహ్! రజబ్, షాబాన్‌లలో మాకు శుభం కలిగించు, మమ్మల్ని రంజాన్‌కు చేర్చు" అన్న దువా (ప్రార్థన) పరిస్థితి వేరు. ప్రవక్త చెప్పారన్న ఉల్లేఖనం బలహీనమని హదీసు పండితుల అభిప్రాయం. అయినా అర్థం మంచిది కాబట్టి దువాగా చదువుకోవచ్చని చాలామంది అంటారు.

షాబాన్ 15వ రాత్రి, షబ్-ఎ-బరాత్, మీద చర్చ పాతదే. తెలుగు రాష్ట్రాల్లో చాలా ఊళ్లలో ఆ రాత్రి మసీదుల్లో జాగారం చేస్తారు, కబరస్థాన్‌లకు వెళ్లి పోయినవారి కోసం దువా చేస్తారు. ఆ రాత్రికి ప్రత్యేక నమాజులు, పద్ధతులు ప్రవక్త నుంచి స్థిరపడలేదని అహలె హదీస్ వంటి వర్గాలు పాటించవు. షియాలకు అది 12వ ఇమాం మహదీ జన్మదినం. ఎవరి అభిప్రాయం ఏదైనా, సామాజికంగా ఆ రాత్రి ఒక హెచ్చరిక గంటలా పనిచేస్తుంది: ఇంకా పదిహేను రోజులే ఉన్నాయని గుర్తు చేస్తుంది.

బజారు, వంటిల్లు, మసీదు

సన్నాహం లేకపోతే నెల ఎలా చీలిపోతుందో పెద్ద ఊళ్లలో కనిపిస్తూనే ఉంటుంది. మొదటి పది రోజులు ఒళ్లు అలవాటు పడటానికి పోతాయి. మధ్య పది రోజుల్లో జోరు తగ్గుతుంది. చివరి పది రోజులు బట్టల దుకాణాల్లో, దర్జీల దగ్గర గడుస్తాయి. లైలతుల్ ఖద్ర్ అనే ఘనమైన రాత్రిని వెతకమన్నది, ఏతికాఫ్ (మసీదులోనే ఉండి చేసే ఆరాధన) కూర్చునేది ఆ చివరి పది రోజుల్లోనే. వెయ్యి నెలల కంటే మేలైనదని ఖుర్ఆన్ చెప్పిన రాత్రి షాపింగ్ హడావిడిలో పడిపోతోంది. ఈద్ బట్టలు షాబాన్‌లోనే కుట్టించుకోవడం అనే చిన్న పని ఇక్కడ పెద్ద ప్రసంగం కంటే ఎక్కువ మేలు చేస్తుంది. జకాత్ (విధిగా ఇవ్వాల్సిన దానం) లెక్క కూడా అంతే. ఏడాది నిండిన సంపదలో రెండున్నర శాతం ఎంతో షాబాన్‌లో తేల్చుకుంటే రంజాన్ సరుకులు కొనుక్కోవాల్సిన పేద ఇంటికి ఆ డబ్బు సమయానికి చేరుతుంది.

హైదరాబాద్‌లో కొన్ని చోట్ల తరావీహ్‌లో రోజుకు మూడు పారాల (ఖుర్ఆన్‌లోని 30 భాగాల్లో ఒక్కోటి పారా) చొప్పున చదివి పది రోజుల్లోనే ఖుర్ఆన్ ముగిస్తారు. వ్యాపారులకు ఇది అనుకూలం. కానీ ఖుర్ఆన్ ముగిసిందంటే తరావీహ్ కూడా ముగిసిందన్న భావన దీని వల్ల కొందరిలో పాతుకుపోయింది. సొంతంగా చదివేవారికి ఒక తేలిక లెక్క ఉంది. 15 లైన్ల ముస్‌హఫ్ (ఖుర్ఆన్ ప్రతి)లో ఒక పారా సుమారు 20 పేజీలు. అయిదు పూటల నమాజు తర్వాత నాలుగేసి పేజీలు చదివితే రోజుకు ఒక పారా, నెలకు 30 పారాలు పూర్తవుతాయి. అరబీ అర్థం కానివారికి తెలుగు అనువాదాలు అందుబాటులో ఉన్నాయి. చదివిన దాంట్లో ఒక్క పేజీ అర్థం రోజూ చూసుకోవడం షాబాన్‌లో అలవాటైతే రంజాన్ తరావీహ్‌లో వినేది కొంతైనా తెలిసిన మాటలా ఉంటుంది.

వంటిల్లు సంగతి తక్కువగా చర్చకు వస్తుంది. ఇఫ్తార్‌కు అరడజను రకాలు ఉండాలంటే అసర్ (సాయంత్రపు నమాజు) నుంచి మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) వరకు ఆడవాళ్లు పొయ్యి దగ్గరే ఉండాలి. దువాకు ఎంతో విలువైనదిగా చెప్పే సమయం సరిగ్గా అదే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులకు గంట ముందు, సాయంత్రం 4కే వెళ్లిపోయే వెసులుబాటు ఇస్తున్నాయి. ఇంటి పనికి అలాంటి ఉత్తర్వు రాదు. ఖర్జూరం, పండ్లు, ఒకటో రెండో వంటకాలు చాలని కుటుంబం షాబాన్‌లోనే కూర్చుని అనుకుంటే ఆ గంట ఇల్లాలికి కూడా దక్కుతుంది.

షాబాన్ 29 సాయంత్రం

ఇదంతా ముందే ఎందుకన్న ప్రశ్నకు కేలండర్‌లోనే ఒక జవాబు ఉంది. హిజ్రీ పద్ధతిలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. షాబాన్ 29న మగ్రిబ్ తర్వాత జనం మిద్దెల మీదికి ఎక్కి పడమటి దిక్కు చూస్తారు. నెలవంకను నిర్ధారించే రూయతే హిలాల్ కమిటీ ప్రకటన కోసం ఎదురుచూస్తారు. చంద్రుడు కనిపించకపోతే ఒక రోజు గడువు దొరుకుతుంది. కనిపిస్తే ఆ క్షణం నుంచే రంజాన్. గంటన్నరలో ఇషా అజాన్ వినిపిస్తుంది, తొలి తరావీహ్‌కు వరుసలు కడతారు, ఇంకొన్ని గంటల్లో సహరీకి లేవాలి. మొదటి రోజా కంటే మొదటి రాత్రి నమాజే ముందు వస్తుంది.